పేరు రాసిన వీడ్కోలు పెట్టె

"ఆవిడ తనంతట తానే మానేసిందండీ. ఎవరూ పొమ్మనలేదు."

ఒకిత్సు ఈ మాట అనడం ఇది మూడోసారి. మూడుసార్లూ అక్షరం తేడా లేదు. నిజం చెప్పేవాళ్ళు రెండోసారికే ఏదో ఒకటి మర్చిపోతారు, లేదా కొత్తది కలుపుతారు. ఈ పెద్దమనిషి మాత్రం బట్టీ పట్టి అప్పజెప్తున్నాడు. యురినో లిఫ్ట్ సర్వీస్‌లో సెక్షన్ చీఫ్ ఆయన. మా తొయామా ఊళ్ళో పాతబడ్డ లిఫ్టుల్లో సగాన్ని తనిఖీ చేసి, బాగున్నాయని ముద్ర వేసే కంపెనీ అది.

నా పేరు కుగిమియా. ప్రైవేటు డిటెక్టివ్‌ని. అంతకుముందు ఇరవై ఏళ్ళు హలో వర్క్ అనే ప్రభుత్వ ఉపాధి ఆఫీసులో కౌంటర్ వెనక కూర్చుని, ఉద్యోగం పోయినవాళ్ళకి నిరుద్యోగ భృతి వస్తుందో రాదో చెప్పేదాన్ని. ఒకరోజు నాకే విసుగొచ్చి మానేశాను. నావి నిజంగానే వ్యక్తిగత కారణాలు. నన్నెవరూ తరమలేదు కాబట్టి నేనూ నోరు మూసుకుని భృతి మొదలయ్యేదాకా ఉండే నిరీక్షణ కాలమంతా కాచుకుని కూర్చున్నాను.

నా క్లయింటు ఇసాకా చిహారు సంగతి వేరు. ఆవిడ ఇక్కడ చేసింది ఎనిమిది నెలలు. అంతకుముందు కొన్నేళ్ళు మంచంపట్టిన తల్లిని చూసుకుంటూ ఇంట్లోనే ఉంది. తనంతట తాను మానేసినవాళ్ళకి భృతి రావాలంటే ఏడాది పాటు బీమా కట్టి ఉండాలి. కంపెనీ బలవంతంగా పంపేస్తే ఆరు నెలలు చాలు. అంటే 'స్వచ్ఛందం' అనే మాట ఒక్కటి పడితే చిహారుకి వచ్చేది సున్నా. ఉంటున్నది కంపెనీ ఇచ్చిన గది, అదీ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. రాబడి లేని ఒంటరి మనిషికి ఈ ఊళ్ళో ఎవరూ తలుపు తియ్యరు. ఇవాళ రెండు గంటలకి హలో వర్క్ అధికారి మదొనో ఆ ఫైలు మూసేస్తాడు.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

"ఆ శుక్రవారం ఏం జరిగిందో మళ్ళీ చెప్పండి."

"పొద్దున్నే వచ్చి రాజీనామా చేతికిచ్చింది. వ్యక్తిగత కారణాలని రాసింది. మేం ఎంతో నచ్చజెప్పాం. వినలేదు."

"ఎక్కడ నచ్చజెప్పారు?"

"చిన్న మీటింగ్ రూములో."

"ఎప్పుడు?"

"భోజనాలయ్యాక పిలిచి..." అంటూ ఆగాడు.

"పొద్దున్నే చేతికిచ్చిన రాజీనామా గురించి భోజనాలయ్యాక నచ్చజెప్పారా? అప్పటిదాకా జేబులో పెట్టుకుని తిరిగారా?"

"పనులుంటాయి కదండీ."

"ఆవిడ చెప్పేది వేరేగా ఉంది. ఒక వృద్ధాశ్రమం లిఫ్టు తనిఖీ కాకుండానే ముద్ర వెయ్యమన్నారట. ఆ తనిఖీ చేశాడని మీరు పేరు రాసిన మెకానిక్కు ఆ వారమంతా ఆస్పత్రి మంచం మీదున్నాడట. ఆవిడ వెయ్యనంది. భోజనాలయ్యాక గదిలోకి పిలిచి, మీరు తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారట. రాసేదాకా లేవలేదట."

"తలుపు దగ్గర గాలి బాగా వస్తుందండీ."

ఎదురుగా పెట్టిన టీ ముట్టబుద్ధి కాలేదు.

వ్యక్తిగత కారణాలని చిహారు తన చేతితోనే రాసింది, అది నిజం. మావాళ్ళ రోగమే అది. తన్ని తగలేసినా సరే, రాజీనామాలో మాత్రం 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే రాస్తారు. 'మా చీఫ్ దుర్మార్గుడు కాబట్టి' అని రాసినవాణ్ణి ఇరవై ఏళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు. అందుకే మదొనో ఆ కాగితాన్ని ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పడు, రెండు వైపులా వింటాడు. ఆ నమ్మకంతోనే ఇక్కడికొచ్చాను.

తలుపు తోసుకుని సరాషినా లోపలికొచ్చాడు. వాణ్ణి చూడగానే నాకు సగం నమ్మకం చచ్చింది.

సరాషినా ఒకప్పుడు నా పక్క కౌంటరే. పని నేర్పింది నేను. ఇప్పుడు కంపెనీలకి కార్మిక చట్టాల సలహాదారు. ఏ నియమానికి ఎక్కడ చిల్లుందో వాడికి తెలిసినంతగా నాకూ తెలియదు.

"కుగిమియా గారూ! కౌంటర్ వదిలినా మీరు మనుషుల్ని నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడం మానలేదే."

"నువ్వు మాత్రం కౌంటర్‌కి అటు పక్కకి దూకేశావుగా. అక్కడ కుర్చీ మెత్తగా ఉందా?"

"చాలా. మీకూ ఒకటి చూడమంటారా?" అని నవ్వి ఫోన్ తీశాడు. "పెద్దవారు, ఊరికే తిరిగి అలిసిపోతారు. ఇది చూసి ఇంటికెళ్ళండి. పొద్దున్నే మదొనో గారికి కూడా పంపాను."

తెరమీద ఒక ఫోటో. బల్ల మీద మిఠాయిల పెట్టె. పైన తెల్ల కాగితపు పట్టీ, దాని మీద కుంచెతో రాసిన ధన్యవాదాలు, కింద ఇసాకా అనే పేరు. పెట్టె చుట్టూ యురినో ఉద్యోగులు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో మంజూ, పూర్ణం కూరిన గుండ్రటి మిఠాయి.

"ఆఖరి రోజు ఆవిడ అందరికీ పంచిన వీడ్కోలు మిఠాయిలు. మీరే చెప్పండి. మెడపట్టి గెంటించుకున్నవాళ్ళు మిఠాయిలు పంచుతారా?"

పంచరు. మా దగ్గర మనసారా మానేసేవాళ్ళే ఆఖరి రోజు పెట్టె పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతారు. ఇన్నాళ్ళూ చల్లగా చూశారని ఒంగి నమస్కారం పెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెడతారు. గెంటించుకున్నవాళ్ళు మాత్రం అట్టపెట్టెలో సామాను కుక్కుకుని, ఎవరి కళ్ళూ కలవకుండా పోతారు. మదొనో కూడా ఈ ఊరివాడే. ఆ ఫోటో చూశాక ఇంకెవరి మాటా వాడి చెవికెక్కదు.

చిహారు ఈ మిఠాయిల సంగతి నాకు ముక్క కూడా చెప్పలేదు.

నేను మెట్ల దగ్గరికెళ్ళి ఫోన్ చేశాను. ఆవిడ కింద రోడ్డు మీదే ఉంది, నా కారులో, సీటు వెనక్కి వాల్చుకుని. ఈ కంపెనీ ఆవరణలో కాలు పెట్టనని, అద్దంలోంచి కూడా చూడనని వచ్చేటప్పుడే చెప్పింది.

"మిఠాయిలు పంచావా చిహారూ?"

"ఏం మిఠాయిలు?"

"ఆఖరి రోజు. నీ పేరు రాసిన పెట్టె. అందరూ తింటున్న ఫోటో ఉంది."

ఆవిడ గొంతు పెరిగింది. "నన్ను వెనక మెట్ల మీంచి దింపి పంపించేశారండీ! ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. వెళ్ళొస్తానని కూడా ఎవరికీ చెప్పలేదు. మిఠాయిలు ఎక్కణ్ణించి తెస్తాను?"

"నిజమేనా?"

"మీరు కూడానా?" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒక్క క్షణం నేను ఆవిణ్ణి అనుమానించిన మాట నిజమే. క్లయింట్లు అబద్ధాలు చెప్తారు, మంచివాళ్ళు మరీ ఎక్కువ చెప్తారు. కానీ మొహం వాచిపోయిందన్నప్పుడు ఆ గొంతులో సిగ్గు వినిపించింది. అబద్ధం చెప్పేవాళ్ళకి కోపం వస్తుంది, సిగ్గు రాదు.

"లేదు. నువ్వు అక్కడే ఉండు," అని పెట్టేశాను.

తిరిగొచ్చి, మిఠాయిలు పంచిన చోటు చూస్తానన్నాను. ఒకిత్సు సరాషినా మొహం చూశాడు. సరాషినా భుజాలెగరేసి, "చూసుకోనివ్వండి. మనం దాచుకునేదేముంది?" అన్నాడు. వాడికెవరో ఫోన్ చేస్తే మాట్లాడుతూ నడవాలోకి వెళ్ళాడు.

ఫోటోలో కనిపించిన బల్ల టీ గదిలోది. ఇరుకు గది. సింకు, వేడినీళ్ళ ఫ్లాస్కు, గోడకి కప్పుల అర. సింకు దగ్గర ఒక ఆడమనిషి కప్పులు తోముతోంది. నలభై దాటి ఉంటాయి. ఛాతీ మీద పేరు పలక, తొగాషి అని. ఈ పేరు నాకు తెలుసు. చిహారు నోటి వెంట విన్నాను. "ఆవిడ తప్ప నా తరఫున నోరు విప్పేవాళ్ళు ఎవరూ లేరండీ, కానీ నా ఫోన్ ఎత్తడం మానేసింది, ఎందుకో తెలీదు," అంది.

"తొగాషి గారూ, ఇసాకా చిహారు తరఫున వచ్చాను."

"నాకేం తెలీదండీ." కుళాయి ఇంకాస్త ఎక్కువ తిప్పింది.

"ఆ శుక్రవారం ఆవిణ్ణి గదిలోకి పిలవడం చూశారా?"

"చూళ్ళేదు. ఆవిడకి ఎవరు కావాల్సినవాళ్ళో వాళ్ళనే అడగండి."

మాటలో పుల్ల విరుపు ఉంది. భయపడిన మనిషి అలా మాట్లాడదు. దెబ్బతిన్న మనిషి మాట్లాడుతుంది. నేను ఇంకేం అడక్కుండా గది చూడటం మొదలుపెట్టాను.

ఫోటోలోని పెట్టె సింకు పక్క గూట్లోనే ఉంది. అందమైన పెట్టెను పారెయ్యడానికి మాకెవరికీ చెయ్యి రాదు. మూత తీసి చూస్తే చక్కెర పొట్లాలు, చెంచాలు పెట్టి వాడుతున్నారు. పేరు పట్టీ లేదు. మూత మీద దుకాణం ముద్ర మాత్రం ఉంది. మినొయా, వంతెన దగ్గరి మిఠాయిల దుకాణం. లోపల ఒక్కో మంజూ కూర్చోబెట్టడానికి పన్నెండు గుంతలు.

తలెత్తి అర వైపు చూశాను. ఇక్కడ ఎవరి కప్పు వాళ్ళదే, పేర్లు అంటించి ఉన్నాయి. పదమూడు కప్పులు.

"పన్నెండు మంజూలు, పదమూడు కప్పులు," అన్నాను పైకే. "ఎవరికి అందలేదు?"

కుళాయి ఆగింది.

"పదమూడోది నాది," అంది తొగాషి, ఇటు తిరక్కుండానే. "ఒకిత్సు గారు పెట్టె పట్టుకుని తిరిగారు. ఇసాకా గారు తొందరలో వెళ్ళిపోయారు, అందరికీ ఇవ్వమన్నారు అన్నారు. నా బల్ల దాటి వెళ్ళిపోయారు. పెట్టె ఖాళీ. ఎనిమిది నెలలు ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నామండీ. నా డబ్బాలోంచి ఊరగాయ ముక్కలు తీసుకుని తినేది. అందరికీ పెట్టి నాకు పెట్టకుండా పోయింది. ఒక మంజూ కోసం కాదండీ..." తోమిన కప్పునే మళ్ళీ తోమసాగింది. "చిన్నపిల్లల్లాగా అలిగానని మీరు నవ్వుకోవచ్చు."

నాకు నవ్వు రాలేదు. ఎదురుగా ఉన్నది ఎంత చిన్న విషయమో, అది మనిషిని ఎంత లోతుగా కోసిందో కనిపిస్తూనే ఉంది.

"మీరు ఇక్కడ పార్ట్ టైమా?"

"అవును."

"గుమ్మం దగ్గర సిబ్బంది పేర్ల బోర్డు చూశాను. దాని మీద పన్నెండు పేర్లున్నాయి. మీ పేరు లేదు."

"పార్ట్ టైమ్‌వాళ్ళ పేర్లు రాయరు."

"చిహారు మిఠాయిలు కొని ఉంటే బోర్డు చూసి లెక్కపెట్టేదా, మిమ్మల్ని తలుచుకుని లెక్కపెట్టేదా?"

తొగాషి మెల్లగా నా వైపు తిరిగింది. చేతులనుంచి నురగ నేల మీద కారుతోంది.

"ఆ పెట్టె ఆవిడ కొనలేదు," అన్నాను. "ఆవిడకి దాని సంగతే తెలియదు. ఇప్పుడే ఫోన్లో అడిగాను. మీరెందుకు ఫోన్ ఎత్తడం లేదో తెలియక రోజూ కుమిలిపోతోంది."

ఆవిడ తడి చేత్తోనే నోరు మూసుకుంది. తర్వాత వంగి, సింకు కింద అరలోంచి ఒక నీలం కప్పు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఇసాకా అని పేరు. "ఇది తీసుకెళ్ళలేదు. కోపంతో పారేద్దామనుకున్నా. చేతులు రాలేదు. మిఠాయిలు పంచే తీరిక ఉన్న మనిషి, వాళ్ళమ్మ వాడిన కప్పు మర్చిపోతుందా? నాకెందుకు తట్టలేదండీ ఇది?"

"ఆ మధ్యాహ్నం ఏం చూశారు?"

"అంతా విన్నాను. మీటింగ్ రూము ఈ గోడ అవతలే. లోపల ఆవిడ బాత్రూముకి వెళ్ళాలని అడిగింది. రాసి వెళ్ళండి అన్నారు ఒకిత్సు గారు." గొంతు తగ్గించింది. "ఆవిడ పని ఇప్పుడు నాకిచ్చారు. ఆ వృద్ధాశ్రమం లిఫ్టు సంగతి ఈ సోమవారం నేనూ అడిగాను."

"ఈ మాట హలో వర్క్‌లో చెప్తారా?"

"చెప్తాను. బల్ల సర్దుకుని రెండింటికల్లా అక్కడికి వస్తాను. బాత్రూము మాట ఒక్కటి చాలదూ?"

తన ఫోన్ నంబరు నాకిచ్చి వెళ్ళింది. గుమ్మంలో సరాషినా ఎదురై పక్కకి తప్పుకుని దారిచ్చాడు. వాడు ఎంతవరకు విన్నాడో మొహం చూస్తే తెలియదు.

"దొరికిందా డిటెక్టివ్ గారూ? రక్తపు మరకలూ గట్రా?"

"పెట్టె దొరికింది. పన్నెండే పట్టే పెట్టె. రోజూ పక్కన కూర్చుని తినే స్నేహితురాలిని వదిలేసి, తనని తరిమిన ఒకిత్సుకి చిహారు మిఠాయి పెట్టిందంటావా?"

"లెక్క తప్పి ఉంటుంది. అంతమాత్రానికే కుట్రంటారా? మదొనో గారు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు."

"నవ్వనీ. ఎవరు కొన్నారో తేలితే ఆగుతుందిలే నవ్వు."

వాడికి మొదటిసారి చిరాకొచ్చింది. "ఆ పెట్టె మీ కొంప ముంచుతుందని మీకు అర్థం కావట్లేదు. పేరు రాయించాలంటే మినొయాలో రెండు రోజుల ముందు చెప్పుకోవాలి. అంటే బుధవారమే ఆవిడ మానెయ్యాలని తీర్మానించుకుంది. శుక్రవారం మధ్యాహ్నం ఎవరో బలవంతపెట్టారన్న మీ కథ అక్కడితో సరి. నా మాట విని ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోండి."

ఆ దుకాణంలో రెండు రోజుల ముందు చెప్పుకోవాలని నేను వాడితో అనలేదు. మూత మీద రాసి లేదు. పెట్టె చిహారు తెచ్చిందే అయితే, ఆ సంగతి వీడికెలా తెలిసింది?

"వస్తాను సరాషినా," అన్నాను. వాడు నన్ను ఓడించాననుకుని చక్కగా నడుం వంచి నమస్కారం పెట్టాడు.

కారు వంతెన వైపు తిప్పుతూ చిహారుకి అంతా చెప్పాను. తొగాషి అలిగింది మంజూ అందక అని విన్నప్పుడు ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. "ఆవిడకి ఇవ్వకుండా ఎవరికిస్తాను నేను?" అని గొణుక్కుంది.

మినొయాలో గల్లా దగ్గర బొద్దుగా ఉన్న ఒకావిడ మంజూలు సర్దుతోంది. వెనక గదిలో చాప మీద ఒక ముసలావిడ కుంచెలు కడుక్కుంటోంది.

"యురినో లిఫ్ట్ వాళ్ళ వీడ్కోలు పెట్టె గురించి వచ్చాం," అన్నాను.

"అయ్యో, వచ్చేశారా! సాయంత్రం కదా అన్నారు సరాషినా గారు. ఆయన ఆఫీసు వాళ్ళేనా మీరు?"

"ఆయనకి పని నేర్పింది నేనే," అన్నాను. అది అబద్ధం కాదు.

"అలాగా! ఎంత మంచివారండీ. ఎవరు మానేసినా పాపం ఆయనే శ్రద్ధగా పెట్టిస్తారు. ఈ కాలం పిల్లలకి మర్యాదలు తెలియవు, చివరి రోజు చేతులూపుకుంటూ పోతారు, కంపెనీకి మాట రాకూడదు కదా అంటారు. అన్నీ ఆయనే చెప్తారు, పేరు, ఎంతమందికి, ఏ రోజుకి."

"ఇసాకా పేరు మీద ఒకటి చేశారు మీరు. గుర్తుందా?"

"ఎందుకు లేదూ. అత్తగారు గురువారం గురువారమే రాస్తారు, చెయ్యి వణుకు కదా, రోజూ రాయలేరు. అందుకే బుధవారం లోపల చెప్పాలి. ఆయన బుధవారమే వచ్చి చెప్పి వెళ్ళారు. ఇసాకా అంటే..." ఆవిడ చూపు నా పక్కనున్న చిహారు మొహం మీద పడింది. ఆ మొహం పాలిపోయి ఉంది.

"నేనే," అంది చిహారు. "నా పేరే ఇసాకా. ఆ బుధవారం నేను మానెయ్యాలని అనుకోనేలేదండీ. ఆ రోజు సాయంత్రం కొత్త పూలకుండీలు కొనుక్కుని వెళ్ళాను ఆఫీసు కిటికీలో పెట్టుకుందామని."

వెనక గదిలో ముసలావిడ కుంచె కడగడం ఆపేసింది.

నేను అక్కడికక్కడే మదొనోకి ఫోన్ చేసి, దుకాణం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కంగారుగానే అయినా తడుముకోకుండా చెప్పింది. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎవరి పేరు చెప్పారు. ఫోన్ మళ్ళీ నా చేతికొచ్చాక మదొనో చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"కుగిమియా గారూ, ఇది నిజమైతే ఇది స్వచ్ఛందం కాదు. కానీ ఫోన్ మాట మీద నేను రాయలేను, మీకు తెలుసు. ఇసాకా గారు స్వయంగా వచ్చి చెప్పి సంతకం పెట్టాలి. రెండింటికల్లా రండి. ఆ తర్వాత ఫైలు పైకి వెళ్ళిపోతుంది, అప్పీలంటే నెలలు పడుతుంది."

ఒంటిగంటన్నర దాటింది. హలో వర్క్ ఇక్కణ్ణించి కారులో పావుగంట. నా ప్రాణం లేచొచ్చింది. గెలిచాం అనుకున్నాను. చిహారు భుజం తట్టి తలుపు వైపు తిరిగాను.

"మరి ఇవి?" అని దుకాణం ఆవిడ వెనక నుంచి పిలిచింది. "ఇవి తీసుకెళ్ళరా? ఇవాళ్టిది మాత్రం సిద్ధంగా ఉంది. మిగతావి పై వారానికి."

గోడవైపు తెర పక్కకి లాగింది. అరమీద నాలుగు పెట్టెలు వరసగా ఉన్నాయి. నాలుగింటికీ తెల్ల పట్టీలు, నిన్న కుంచెతో రాసిన పేర్లు. ముసలావిడ చేతి వణుకు అక్షరాల్లో తెలుస్తోంది. మూడు పేర్లు నాకు తెలియదు. ఏ కంపెనీలవో, ఏ ఊళ్ళవో. ఈ నిమిషాన ఆ ముగ్గురూ ఎక్కడో తమ బల్లల దగ్గర కూర్చుని పని చేసుకుంటూ ఉంటారు. పై వారం తమంతట తాము మానేస్తున్నారని వాళ్ళకి ఇంకా తెలియదు. ఒకిత్సు ఒక్కడి దుర్మార్గమనుకున్నాను. కాదు. ఇది సరాషినా వ్యాపారం. కౌంటర్ వెనక కూర్చుని ఏ ఆనవాలు చూస్తే మేం స్వచ్ఛందమని నమ్ముతామో నేర్చుకుని, దాన్ని కంపెనీలకి అమ్ముకుంటున్నాడు. వాడికి ఆ పని నేర్పింది నేనే.

చిహారు నాలుగో పెట్టెను చూస్తోంది. ఇవాళ్టిది.

దానిమీద తొగాషి అని ఉంది.

"ఇవాళ శుక్రవారం," అంది చిహారు. "భోజనాలయ్యాయి."

ఫోన్ తీసి నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఎత్తారు, కానీ పలకరింపు లేదు. చిహారు స్పీకర్ పెట్టింది. కుర్చీ నేలమీద జరిగిన చప్పుడు. తర్వాత దూరంగా ఒకిత్సు గొంతు వినిపించింది.

"ఫోన్ పక్కన పెట్టండి తొగాషి గారూ. రెండు లైన్లే కదా. వ్యక్తిగత కారణాల వల్ల అని రాసేస్తే హాయిగా ఇంటికెళ్ళిపోవచ్చు. మీ మంచికే చెప్తున్నాం."

"రాయకు!" చిహారు అరిచిన అరుపుకి దుకాణం ఆవిడ చేతిలో పళ్ళెం జారిపోయింది. "తొగాషీ, పెన్ను ముట్టుకోకు! నేను మినొయాలో ఉన్నా. నీ పేరు రాసిన పెట్టె ఇక్కడుంది, నువ్వు మానేస్తున్నావని నిన్ననే రాసేశారు! నాకూ ఇలాగే చేశారు! వింటున్నావా?"

అప్పుడు తొగాషి గొంతు, గదంతా వినిపించేటట్టు, స్పష్టంగా వచ్చింది.

"ఒకిత్సు గారూ, మినొయాలో నా పేరు మీద మిఠాయిలు ఎవరు చెప్పారు?"

జవాబు ఒకిత్సు చెప్పలేదు. ఇంకో గొంతు చెప్పింది. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"తలుపు తాళం వెయ్యండి ఒకిత్సు గారూ. ఆ ఫోన్ ఇటివ్వండి."

లైను తెగిపోయింది.

మేమిద్దరం కారులోకి ఎలా వచ్చిపడ్డామో గుర్తులేదు. నేను పోలీసులకి ఫోన్ చేసి, ఒక మనిషిని గదిలో పెట్టి తాళం వేశారని చెప్పి, చోటు చెప్పాను. మనిషిని పంపడానికి కొంచెం టైము పడుతుందన్నారు. కారు తీసి వంతెన మలుపు దగ్గర ఆపాను. ఎడమకి తిరిగితే హలో వర్క్. రెండు లోపల చేరతాం. చిహారు సంతకం పెడితే భృతి, భృతి ఉంటే గది, తలదాచుకోవడానికి ఒక చోటు. కుడికి తిరిగితే యురినో. అటు వెళ్ళి వెనక్కొచ్చేసరికి ఫైలు పైకి వెళ్ళిపోయి ఉంటుంది.

"చిహారూ," అన్నాను. "పోలీసులు వెళ్తారు. నేను నిన్ను దింపేసి అటే వెళ్తాను. నీ ఎనిమిది నెలలూ ఇవాళ పోతే మళ్ళీ రావు."

ఆవిడ తొగాషి పేరున్న పెట్టెను ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉంది. దుకాణంలోంచి ఎప్పుడు తెచ్చిందో నేను చూడలేదు. పొద్దుట అద్దంలోంచి కూడా ఆ కంపెనీ వైపు చూడనన్న మనిషి.

"ఆ గదిలో కూర్చున్నప్పుడు," అంది, "ఎవరైనా ఒక్కరు తలుపు కొడితే చాలని చూశానండీ. ఎవరూ కొట్టలేదు. కుడికి తిప్పండి."

వెనక కారువాడు హారన్ కొడుతున్నాడు. నేను కుడికి తిప్పాను.